టీవీ అల్లుడికి నేను వన్స్ మోర్ కొట్టిన సాయంత్రం

కార్తీక మాసం, రెండో ఆదివారం, సాయంత్రం సరిగ్గా ఏడు గంటల నలభై నిమిషాలు. ధవళేశ్వరంలో కాలవ పక్కన వేసిన నాటకం పందిట్లో, ఊరు ఊరంతా చూస్తుండగా, నా పరువుకి నేనే వల వేసి, పట్టి, పొలుసు తీసి, ముక్కలు కోసి పంచిపెట్టాను. టైము అంత కచ్చితంగా ఎలా తెలుసంటారా? ఆ క్షణాన నా కళ్ళెదురుగా ఒక గోడ గడియారం ఉంది. దాని కింద ఎవరున్నారో చెప్పడానికే ఈ రాత.

నా పేరు నూకాలమ్మ. చేపలమ్ముతాను. అక్షరాలు దిద్దుకున్నది యాభై ఏడో ఏట, మా వీధి అరుగు మీద సాయంకాలాలు చదువు చెప్పే పద్మావతి టీచరమ్మ దగ్గర. నేను సొంతంగా రాసిన మొదటి రాత రేషను కార్డు అర్జీ. రెండోది ఈ కథలోనే వస్తుంది. ఇది మూడోది. రెండోదాని దెబ్బకి మూడోది రాయడానికి నాలుగేళ్ళు పట్టింది.

మా తమ్ముడు సింహాచలం హార్మోనిస్టు. మా తాతల నాటి పద్య నాటకం ఒకటుంది. రాజ్యం పోగొట్టుకున్న చంద్రకేతు మహారాజు పడవవాడై గోదారి దాటించే కథ. అది ఆడి ఇరవై ఏళ్ళు దాటింది. హార్మోనియం పెట్టె మీద మా మరదలు ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటోంది. ఉన్నట్టుండి వాడికి ఆ నాటకాన్ని మళ్ళీ లేపాలని బుద్ధి పుట్టింది.

"ఈ ఒక్క ఆట నిలబడితే మన నాటక సమాజం నిలబడుద్దక్కా. పట్టిసీమ వాళ్ళు, కోరుకొండ వాళ్ళు చూడ్డానికొస్తామన్నారు. నచ్చితే అక్కడికక్కడే తాంబూలం ఇచ్చి వాళ్ళ ఊళ్ళో ఆట ఖాయం చేసుకుంటారు. నచ్చలేదో, ఈ పెట్టె తీసుకెళ్ళి గోదాట్లో కలిపేసి చేపలు పట్టుకుంటా."

"నీకు చేపలు పడవు గానీ, రాజు వేషం ఎవరికిచ్చావు?"

వాడు గొంతు తగ్గించాడు. "ప్రణీత్ బాబు. టీవీలో చిన్నల్లుడు."

ఆ సీరియల్ మీరు చూసే ఉంటారు. రోజూ రాత్రి భోజనాల వేళకి ఆ అబ్బాయి అత్తగారి ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటూ ఉంటాడు. అతని ఏడుపు చూడందే మా వీధిలో ఎవరికీ ముద్ద దిగదు.

"పద్యం పాడతాడేంట్రా అతను?"

"పాడించుకుంటాంలే."

అసలు గుట్టంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నాకు చదవడం వచ్చింది గానీ మనిషి మాటని చదవడం ఇంకా రాలేదు. "ఈత రానోడి చేతికి తెడ్డిచ్చి గోదారి దాటిస్తానంటావు. అతను ఒక్క పద్యం తిన్నగా పాడితే, గొప్ప గొంతని నా చేత్తో నేనే రాసిస్తా," అన్నాను. సంతలో నలుగురూ విన్నారు.

ఇక చూడండి, రెండు వారాల పాటు మా సంతలో చేపల రేటు అడిగినవాళ్ళు తక్కువ, రాజు వేషం మీద అభిప్రాయం చెప్పినవాళ్ళు ఎక్కువ. నా పక్క గంపది మరిడమ్మ. నాకు వదిన వరస.

"పాడకపోతే ఏంటి వదినా. ఊరికే నిలబడ్డా చాలు, నేను చూసుకుంటా," అంది.

"నిలబడ్డానికి రాజెందుకే, కరెంటు స్తంభం చాలదూ?"

"కరెంటు స్తంభానికి ఆ జుట్టుంటుందా?"

కిరాణా కొట్టు వెంకటరత్నం గారు మాత్రం నా పక్షం. ఆయన ఉత్సవ కమిటీ పెద్ద. పద్యం వింటూ చింతపండు తూస్తే త్రాసు కూడా తాళం వేస్తుందంటారు. "పాడేవాడికి ముఖం ఎందుకమ్మా. మా నాన్నగారి రోజుల్లో రాజు వేషం కట్టినాయనకి మెల్లకన్ను. పద్యం ఎత్తుకున్నాడంటే ఆ కన్ను ఎటు చూస్తోందో ఎవరికీ పట్టేది కాదు," అన్నారు.

మా ఆయన్ని కూడా అడిగాను. ఆయన వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే, "పాడేవాడు పాడతాడు, ఆడేవాడు ఆడతాడు. నీకెందుకే," అన్నాడు.

మా ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎత్తు నా భుజం దాకా. తల నున్నగా పాలిష్ పెట్టిన చెంబు. పెళ్ళయిన వారానికే పడవలో ఏదో రాగం ఎత్తుకున్నాడు. "ఆపు, చేపలు బెదిరి సముద్రంలోకి పోతున్నాయి," అన్నాను. తర్వాత ఎప్పుడు నోరు తెరిచినా రెండో అక్షరం దగ్గరే ఆపేయించేదాన్ని. అలా ముప్పై తొమ్మిదేళ్ళలో ఆయన గొంతు నేను విన్నది "అన్నం పెట్టు" దగ్గర్నించి "వల ఏది" వరకే.

ఆ రెండు వారాలూ మా ఇంట్లో కొన్ని వింతలు జరిగాయి. మిరియాలు అయిపోయేవి. నేను చేపలు కోసే పీట కనపడకుండా పోయింది. మా ఆయన రోజూ సాయంత్రం, "పడవకి తారు పూసొస్తా," అని వెళ్ళేవాడు. రెండు వారాలు తారు పూస్తే అది పడవ కాదు, రోడ్డు. అయినా నాకు అనుమానం రాలేదు. నా బుర్రంతా ఆ టీవీ అబ్బాయి మీదే ఉంది మరి.

ఆదివారం మధ్యాహ్నానికి అతను దిగాడు. మా గోదారి వాళ్ళ సంగతి మీకు తెలుసుగా, అల్లుడన్న పిలుపు చెవిన పడితే చేతులు ఊరుకోవు. టీవీలో అల్లుడైనా సరే. వీధి వీధంతా క్యారేజీలు పట్టుకొచ్చింది. పూతరేకులు, కాజాలు, గారెలు. మరిడమ్మ బొమ్మిడాయి చేపల పులుసు, మా ఇళ్ళల్లో వేసే కారంతో.

"ఇంక వద్దండి," అన్నాడు పాపం.

"అల్లుడు వద్దంటే ఇంకో గరిటె అని అర్థం," అంది మరిడమ్మ.

సాయంత్రం రాజుగారి నడుముకి పట్టా బిగించడానికి ముగ్గురు మనుషులు పట్టారు. ఆ పులుసు తాలూకు దాహం సంగతి గుర్తు పెట్టుకోండి, అవసరం పడుతుంది.

ఆరింటికి తెర లేచింది. ముందు వరసలో వెంకటరత్నం గారు, ఆయన పక్కన పట్టిసీమ, కోరుకొండ పెద్దలు. నేను రెండో వరసలో, వెక్కిరించడానికి సిద్ధంగా. రాజు తెడ్డుతో వచ్చాడు. వెడల్పు భాగం పైకి, పిడి నీళ్ళల్లోకి. పడవల వాళ్ళున్న పందిట్లో అది చూసి ఊరుకుంటారా?

"బాబూ, తెడ్డు తిప్పి పట్టుకో, పడవ మునుగుద్ది," అని అరిచాను.

"థాంక్సండి," అని రాజుగారు తెడ్డు తిప్పారు. మాట సన్నంగా, సీరియల్లో ఉన్నట్టే ఉంది. ఇంక వీడేం పాడతాడు అనుకుని వెనక్కి వాలాను.

అప్పుడు మొదటి పద్యం వచ్చింది.

ఏమని చెప్పను. ఆ సన్నటి నోట్లోంచి నిండు గోదారి పొంగి వచ్చినట్టు వచ్చింది. రాగం పైకి తీసుకెళ్ళి అక్కడ కాసేపు లంగరేసి నిలబెట్టాడు. నా ఒళ్ళు గగుర్పొడిచింది. మాటకో గొంతు, పద్యానికో గొంతు, ఎంత సాధన చేశాడో బిడ్డ అనుకున్నాను. మనిషి తప్పు ఒప్పుకోవాలి, నేను ఒప్పుకున్నాను. అదే నా కొంప ముంచింది.

విరామంలో సింహాచలం స్టేజీ పక్కన ప్రేక్షకుల అభిప్రాయాలకని ఒక నోటుపుస్తకం పెట్టాడు. అన్న మాట నిలబెట్టుకోవాలి కదా, వెళ్ళి పెన్ను పట్టుకున్నాను. పావుగంట విరామం మొత్తం రెండు వాక్యాలకే సరిపోయింది. 'అదృష్టవంతురాలు' అనే మాట దగ్గర చెమటలు పట్టాయి. కింద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాను. నా వెనక వరసలో నిలబడ్డ పద్మావతి టీచరమ్మ, "తప్పుల్లేవు నూకాలమ్మ గారూ," అంది. ఆవిడ చూసింది అక్షరాల్లో తప్పులు మాత్రమే.

తర్వాత తెడ్డు పద్యం. ఈ నాటకానికి ప్రాణం అదే. రాజు పడవ తోస్తూ, ఒకప్పుడు తను ఏలిన ఒడ్డుని చూసి పాడతాడు. అది ముగిసేసరికి నేను లేచి నిలబడి ఉన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"వన్స్ మోర్."

మా తమ్ముడు హార్మోనియం మీంచి నా వైపు చూసి అడ్డంగా తల ఊపాడు. రాగంలో మునిగిపోయి ఊగుతున్నాడు అనుకున్నాను. కళ్ళు పెద్దవి చేశాడు. ఆనందబాష్పాలు కాబోలు అనుకున్నాను. "వన్స్ మోర్," అని ఇంకా గట్టిగా అరిచాను. మరిడమ్మ అందుకుంది, వెనక వరసలు అందుకున్నాయి, పందిరి ఊగిపోయింది. మా వైపు వన్స్ మోర్ పడ్డాక పాడకపోవడం, విస్తరి ముందు కూర్చోబెట్టి వడ్డించకపోవడంతో సమానం.

టీవీ అబ్బాయికి ఈ పద్ధతి తెలియదు. మెచ్చుకున్నారనుకుని దణ్ణం పెట్టి, తెడ్డు చంకలో పెట్టుకుని, స్టేజీ మీదే ఓ పక్కకి తిరిగి నీళ్ళ సీసా ఎత్తాడు. బొమ్మిడాయిల పులుసు మహిమ. ఎత్తిన సీసా దించడం లేదు.

సరిగ్గా అప్పుడు పద్యం మొదలైంది.

రాజు గుటకలు మింగుతున్నాడు. రాజు గొంతు రాగం తీస్తోంది. అతను సీసా దించి, తనకేమీ తెలియనట్టు, ఆ పద్యం ఎక్కడినించి వస్తోందో మాతోపాటే వెతుక్కున్నాడు.

వెనక వరసల్లోంచి ఎవరో, "బాబు కడుపుతో పాడుతున్నాడ్రా," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఈ గొంతుకా నేను సంతకం పెట్టింది? ఎలా ఎక్కానో తెలియదు, స్టేజీ ఎక్కేశాను. "ఎవడ్రా తెర వెనక," అని వెనక తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. తెర, తాడు, దానికి కట్టిన కాగితపు చందమామ, అన్నీ నా నెత్తిన పడ్డాయి.

అవి తప్పించుకుని చూస్తే ఏముంది. పందిరి గుంజకి తగిలించిన గోడ గడియారం, ఏడూ నలభై. దాని కింద నా చేపల పీట. పీట మీద, మెడకి నా తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళో నా మిరియాల పొట్లం పెట్టుకుని, మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని మా ఆయన పాడుతున్నాడు. ముప్పై తొమ్మిదేళ్ళుగా "ఆపు" తప్ప వినని మనిషికి వన్స్ మోర్ వినపడితే ఆగుతాడా? తెర పడిందని కూడా తెలియలేదు. పద్యం ఆఖరి వరకూ పాడి, అప్పుడు కళ్ళు తెరిచాడు.

"ఏమయ్యా, తారు పూస్తున్నావా?" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది.

"రెండో పూతే," అన్నాడు.

పందిరి పగలబడి నవ్వింది. కానీ పట్టిసీమ పెద్దాయన నవ్వలేదు. కండువా దులిపి లేచారు. "పాడేది ఒకరు, నోరు తెరిచేది ఒకరా. ఇది చూడ్డానికా ఇంత దూరం వచ్చింది," అన్నారు. ఆయన వెనకే కోరుకొండ వాళ్ళూ లేచారు. మా తమ్ముడి వైపు చూశాను. రెండు చేతులూ హార్మోనియం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాణ్ణి పసివాడిగా ఎత్తుకుని పెంచినదాన్ని. వాడి ఇరవై ఏళ్ళ ఆశని తాడుతో సహా తెంపింది నా చెయ్యేనని అప్పటికి గానీ నాకు తట్టలేదు.

వెంకటరత్నం గారు మెల్లగా స్టేజీ ఎక్కారు. "కూర్చోండి పెద్దలూ. నాటకం మనదే గానీ తీర్పు ప్రేక్షకులది. వాళ్ళేం రాశారో చదివాక వెళుదురుగాని," అని నోటుపుస్తకం తీసుకుని మైకులో చదవడం మొదలుపెట్టారు.

"'హీరో సూపర్.' 'జుట్టు చాలా బాగుంది.' 'మా ఇంటి పులుసు తిన్నాడు, ఇట్లు మరిడమ్మ.'" ఆగి, కళ్ళజోడు సర్దుకున్నారు. "'ఇంత గొప్ప గొంతు నా జన్మలో వినలేదు. ఈ గొంతు ఉన్న ఇంటి ఇల్లాలు అదృష్టవంతురాలు. ఇట్లు, నూకాలమ్మ.'"

తర్వాత లేచిన నవ్వుకి పందిరి గుంజలు కదిలాయి. మా ఆయన మాత్రం నవ్వలేదు. నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు.

"ఇది నీ రాతేనా అమ్మా?" అన్నారు వెంకటరత్నం గారు.

"నాదేనండి."

"పాడిందెవరో తెలిసింది కదా. ఇప్పటికీ అదే అభిప్రాయమా?"

చూశారా ఇరకాటం. కాదంటే మా తమ్ముడి పెట్టె గోదాట్లోకి పోతుంది. అవునంటే మిగతా జన్మంతా మా ఆయన ముందు నా నోరు లేవదు. ముందు వరస వాళ్ళు నిలబడే ఉన్నారు. మా తమ్ముడు తలెత్తి చూశాడు.

"రాసింది రాసిందేనండి," అన్నాను. "ఆ గొంతు తెర వెనక ఉన్నప్పుడూ గొప్పదే, తెర పడ్డాకా గొప్పదే. కాకపోతే ఆ రెండో వాక్యం కొట్టేసుకోవచ్చా?"

"వీల్లేదు," అన్నారు పట్టిసీమ పెద్దాయన. నవ్వుతూ కూర్చున్నారు.

టీవీ అబ్బాయి మంచివాడండి. మా ఆయన దగ్గరికెళ్ళి, "నాకు పద్యం రాదండి. మీ పాటకి ఆడటమే నాకు వచ్చు," అని చెయ్యి పట్టుకుని లేపి, ఆ పీట తనే మోసుకొచ్చి హార్మోనియం పక్కన వేశాడు. ఈసారి వన్స్ మోర్ కొట్టింది వెంకటరత్నం గారు. మా ఆయన అందరి ఎదురుగా కూర్చుని పాడాడు. రాజు నోరు మూసుకుని, కళ్ళతోనే ఆడాడు. అత్తగారి ముందు ఏడ్చి ఏడ్చి సాధించిన విద్య కదా, ఒడ్డుని చూసి అతను కంటతడి పెడితే మేమూ పెట్టాం. ఆట అయ్యాక తాంబూలాలు ఇచ్చారు, రెండే షరతులతో. పాడే మనిషి కనపడాలి. తెడ్డు మొదటినించీ తిన్నగా ఉండాలి.

నా కాగితం ఇప్పుడు ఆ నోటుపుస్తకంలో లేదు. మా ఆయన రాజమండ్రిలో లామినేషన్ చేయించి పొయ్యి పైన గోడకి తగిలించాడు. ఆయన తెల్లారకుండా రాగం ఎత్తుకుంటాడు, నేను "ఆపు" అందామని నోరు తెరుస్తాను, ఆయన మాట్లాడకుండా గోడ వైపు వేలు చూపిస్తాడు.

అందుకని గోదారమ్మ సాక్షిగా, కుడి చేత్తో పెన్ను, ఎడమ చేత్తో చేపల కత్తి పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గొంతు మీదా, ఆ గొంతు వెనక మనిషి ఎవరో కళ్ళారా చూడందే, రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వను. ఇచ్చినా రెండో వాక్యం రాయను.

ఆ రోజు అక్కడ ఉండి నా బతుకు చూసినవాళ్ళు వీళ్ళు. ముందు వరసలో వెంకటరత్నం గారు, పట్టిసీమ, కోరుకొండ పెద్దలు. నా పక్కన మరిడమ్మ. వెనక పద్మావతి టీచరమ్మ. హార్మోనియం దగ్గర మా తమ్ముడు సింహాచలం. స్టేజీ మీద నీళ్ళ సీసాతో ప్రణీత్ బాబు. ఇక మిగిలిన ఒక్కరి పేరు పెళ్ళయిన నాటినించీ నా నోటితో పలకలేదు, పలకకూడదు. రాయడం పలకడం కాదని పద్మావతి టీచరమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

తెర వెనక, నా పీట మీద, వీర్రాజు.