పిండిలో పడుగు

వడోద్‌లో తెలుగు నేల నుంచి వలస వచ్చిన మా నేతవాళ్ల సందులో ఎవరి గదిలోనైనా గ్లాసుడు నీళ్లు నేల మీద పెడితే ఆ నీళ్లు వణుకుతూనే ఉంటాయి. కింద మరమగ్గాలు, మావాళ్ల మాటలో సాంచాలు; పైన మా గదులు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ చప్పుడుకు నిద్ర పట్టదు, కొన్నాళ్లు పోయాక అది లేకపోతే పట్టదు. మా పక్క గది జమున మొగుడు సోమలింగం ముప్పై ఏళ్లకు పైగా ఆ చప్పుడులోనే బతికి, చెవులు పోగొట్టుకుని, చివరికి అందులోనే పోయాడు. మగ్గం పక్కన కూలబడినప్పుడు ఎవరినో పిలిచే ఉంటాడు. పక్క మగ్గం మనిషికి కూడా వినబడలేదు.

మెట్ల మీద కనబడితే "తిన్నావా అన్నా" అని నేను అడిగేదాన్ని. "మైథిలి మంచిగనే ఉన్నది" అని కూతురి సంగతి చెప్పేవాడు. నవ్వితే తనూ నవ్వేవాడు. బయటి మాట వినబడదు గానీ చెవుల్లో మోత మాత్రం నిద్రలో కూడా ఆగేది కాదట. జమునతో ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "వచ్చే జన్మంటూ ఉంటె సప్పుడు లేని కాడ పుడ్తనే." ఆ మనిషి కోరిన కోరిక అదొక్కటే.

పోయిన రోజున, మావాళ్ల ఆచారం ప్రకారం, ఆయన పడుకునే చోట బియ్యప్పిండి పలచగా పరిచి, పక్కన దీపం పెట్టి, పిండి మీద గంప బోర్లించారు. పొద్దున గంప తీస్తే ఏ గుర్తు కనబడితే ఆ జన్మ ఎత్తినట్టు. చీమ పాకినట్టుంటే చీమ, పిట్ట కాలుంటే పిట్ట. తీసి చూస్తే పిండి నిండా సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, నేతకు సాగదీసిన పడుగు దారాల్లాగా. మా కులపెద్ద పరమేశ్ వంగి చూసి గొంతు సవరించుకున్నాడు.

"పడుగే ఇది. మళ్ల సాంచాల మీదికే వస్తడు."

నాకు ఒళ్లు మండింది. కింద మగ్గాలు ఆడుతుంటే నేల అదిరి పిండికి గీతలు పడవా అని అక్కడే అనేశాను. పెద్దమనిషికి కోపం వచ్చింది, వస్తే వచ్చింది. జమున మాత్రం నా మాట చెవిన వేసుకోలేదు. ఆ గీతల్నే చూస్తూ ఉండిపోయింది.

అప్పటినుంచి కనబడ్డవాళ్లనల్లా అడగడం మొదలుపెట్టింది, పోయినవాళ్లు ఎటు పోతారని. మగ్గాల సేఠ్ జైనుడు. ఆత్మ రెప్పపాటు కూడా ఆగదనీ, మీరు పిండి పరిచేసరికే ఇంకో కడుపులో చేరిపోయి ఉంటాడనీ చెప్పాడట. ఎవరి కడుపో చెప్పలేదు. చలికాలం స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెట్ ఆమె, తమలో అయితే కొన్ని వారాలు నడిమి దారిలో తిరుగుతారంది. అక్కడ ఉరుముల్లాంటి మోతలు వినబడతాయట. భయపడొద్దని లామా చెబుతాడట. "ఈయనకు చెప్తె ఇనబడాలె గదా" అని జమున బావురుమంది.

ఎదురు గది నసీమ్ బాను తమలో మళ్లీ పుట్టడమే లేదంది. ప్రళయం దాకా సమాధిలో ఉండటమే, మంచివాళ్లకు అది నిద్రలాగే ఉంటుందంది. మట్టి కింద ఏ చప్పుడూ ఉండదా అని జమున మళ్లీ మళ్లీ అడిగింది. ఉండదట. ఇన్ని మతాల్లోనూ ఆమెకు నచ్చింది అదొక్కటే. కాల్చినవాళ్లను కూడా అట్లా పడుకోనిస్తారా అని అడిగితే, అది అల్లాకే తెలుసు అంది నసీమ్.

తండ్రి పోయిన మర్నెల మైథిలికి నెల తప్పింది. కాన్పు దాకా తల్లి గదిలోనే ఉంది. మగపిల్లవాడు పుట్టాడు. మగ్గాలు ఆడుతున్నంతసేపూ మొద్దునిద్ర. కరెంటు పోయి మగ్గాలు ఆగితే చాలు, ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టేవాడు. సందంతా సంబరపడింది, తాత వచ్చిండని. పరమేశ్ మిఠాయి కూడా తెచ్చాడు. జమున మాత్రం ఆ పిల్లవాడి మొహం చూడటానికే భయపడింది. కడుపులో ఉన్నన్నాళ్లూ విన్న చప్పుడే కదా, అలవాటైందని నేను ఎంత చెప్పినా లాభం లేకపోయింది. అల్లుడితో పోట్లాడి పోట్లాడి, తాపీ నది అవతల అమ్రోలిలో మగ్గాలు లేని సందులో గది తీయించి, కూతుర్నీ పిల్లవాణ్ణీ తీసుకుని తనూ వెళ్లిపోయింది.

ఆ వారమే ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్లాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా గాజుల చప్పుడు నాకే కొత్తగా వినబడింది. ఆ నిశ్శబ్దంలో పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. వచ్చినప్పటినుంచీ సరిగా నిద్రపోలేదట. ఉయ్యాల, జోలపాట, డాక్టరు అన్నీ అయ్యాయి. జబ్బేమీ లేదన్నారట. మైథిలి గోడకు తల ఆనించి కూర్చుంది.

చివరికి జమున లేచి పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని, పక్కనున్న చెక్కపెట్టె మీద వేలి కణుపులతో కొట్టడం మొదలుపెట్టింది. టక్కు టక్కు, టక్కు టక్కు. మగ్గం ఆడినట్టే, తాళం తప్పకుండా. పిల్లవాడు ఏడుపు ఆపి అటు తల తిప్పాడు. రెప్పలు బరువెక్కాయి.

పిండిలో గీతలు నేల అదిరి పడ్డాయన్నదాన్ని నేనే. ఆ ఇంట్లో నేల అదరడం లేదు.

ఆమె పిల్లవాడి మీదికి వంగి, మొగుడితో మాట్లాడినట్టే మెల్లగా అంది.

"సప్పుడు లేని కాడికే తెచ్చిన గదనయ్యా. ఇంకేం జెయ్యాలె నేను?"

చెయ్యి ఆపితే కళ్లు తెరుస్తున్నాడు. కణుపులు కమిలిపోయినా ఆమె కొడుతూనే ఉంది.