బయటికి పోయి తిట్టు

పట్టుపురుగులు చివరి పొర విడిచాక ఆకు తినే చప్పుడు అచ్చం రేకుల మీద సన్నజల్లు పడినట్టే ఉంటుంది. విన్నవాళ్లు ఔనంటారు, విననివాళ్లు నేను కోతలు కోస్తున్నానంటారు. ఈ రోజు తెల్లవారుతుండగా దుప్పటి కిందనుంచే ఆ చప్పుడు విన్నాను. పురుగులే, వాన కాదు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అంతలో కిటికీలోనుంచి తడిమట్టి వాసన వచ్చింది. పురుగులు ఎంత తిన్నా మట్టివాసన రాదు కదా. వానే. మా అత్త పోయి రెండేళ్లు దాటింది, అయినా ఈ ఇంట్లో ఒక మగవాడు వానపూట దుప్పటి కప్పుకుని పడుకునే యోగం ఇంకా కలగలేదు. లేచాను. లేస్తూ ఆమెను రెండు మాటలన్నాను. అవి ఇక్కడ రాసేవి కావు.

ఆమె పేరు నరసమ్మ. పెనుకొండ దగ్గర కొండ కనిపించేంత దూరంలో మల్బరీ తోట, దాని పక్కనే పురుగుల షెడ్డు. మామ చిన్న వయసులోనే పోతే ఆ తోటను తనే పెట్టి, తనే పెంచింది. ఒక్కతే కూతురు రాధ. ఆ రాధను చేసుకుని నేను ఇల్లరికం వచ్చాను. అంతకుముందు హిందూపురంలో బట్టల కొట్టులో ఉండేవాణ్ని. ఎనిమిదో తరగతిలో నేను బడినీ, బడి నన్నూ ఒకేసారి వదిలేశాం కాబట్టి, చీరలు పరచడం, మడవడం, వచ్చినవాళ్లను నవ్వించడం, ఇవే నా చదువులు. కొట్టులో ఏసీ ఉండేది. ఎండాకాలం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో రోడ్డు మీద నడిచేవాళ్ల ముఖాలు చూసి తెలుసుకునేవాణ్ని. అలాంటివాణ్ని తెచ్చి తోటలో నిలబెట్టారు. పెళ్లిలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, నేను భోజనం మీద ఉన్నాను.

తొలి వేసవిలోనే గొడవ మొదలైంది. నడిమధ్యాహ్నం కోసిన ఆకు వాడిపోతుంది, పురుగు ముట్టదు. అందుకని పొద్దున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి కోయాలి. మా వైపు పొద్దు వాలడమంటే ఎండ తగ్గడం కాదు, పక్కనుంచి కొట్టడం. షెడ్డు కిటికీలకు మాత్రం తడి గోనెపట్టలు కట్టి ఉంటాయి. ఊళ్లో అంతకన్నా చల్లని చోటు లేదు. ఆ వైభోగమంతా పురుగులది. నేను ఒక గోనెపట్ట పక్కన చేరి, ఎండను దాని పుట్టుపూర్వోత్తరాల నుంచి తిట్టడం మొదలుపెట్టాను. అత్త కొడవలి తీసుకుంటూ ఆగింది.

"ఏమప్పా అల్లుడా, ఎవురిని తిడతాండావు?"

"ఎండను అత్తా. నిన్ను కాదులే."

"యాడుండాది ఎండ?"

"బయట."

"మరి ఈడ కూచోని తిడితే దానికెట్ల వినపడతాది? బయటికి పోయి తిట్టు."

పరాచికమనుకున్నాను. కాదు. అది ఆ ఇంటి కట్టుబాటు. ఎండ, వాన, చలి, గాలి, ఏదైనా సరే, తిట్టాలంటే గడప దాటి దాని ఎదురుగా నిలబడి తిట్టాలి. లోపల కూర్చుని తిట్టడం ఆమెకు గిట్టదు. మనిషి వాకిట్లో ఉండగా చాటున మాట్లాడినట్టు అనిపించేదేమో. రాధ చిన్నప్పుడు చలి అని మూలిగితే కూడా, పో, ఆ మాట చలితోనే చెప్పి రా అని బయటికి పంపేదట. పోయి చెప్పి వచ్చేదాన్ని అంటుంది రాధ, ఏ మాత్రం సిగ్గులేకుండా.

నేనూ పోయాను. నా నోరు ఎలాగూ ఊరుకోదు. గట్టు మీద నిలబడి తిడుతుంటే అత్త ఒక్క మాటా అడ్డం చెప్పకుండా, పట్టుకో అన్నట్టు ఇంకో కొడవలి నా చేతికిచ్చింది. వట్టి చేతులతో తిట్టడం కన్నా కొడవలితో తిట్టడం బాగుంటుంది. తిట్లు అయిపోయేసరికి ఒక సాలు కోసేసి ఉన్నాను. మరునాడు రెండు సాళ్లు. తిట్టడానికి పోయినవాణ్ని కోతలోకి ఎప్పుడు దించిందో ఏ రోజూ పట్టుకోలేకపోయాను. ఒక మనిషి రోజూ ఒకే మోసం చేస్తుంటే, రోజూ అందులోనే పడేవాడి చిరాకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఎదురుతిరగలేదని అనుకోకండి. పట్టుగూళ్లు అమ్మడానికి హిందూపురం మార్కెట్టుకు పోయినప్పుడు ఒక రెయిన్‌కోటు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, చెవులు కప్పే టోపీ, నల్లద్దాలు కొన్నాను. వాతావరణం సంగతి నాకు వదిలేయండి అన్నట్టు అన్నీ ఒకేసారి తగిలించుకుని వాకిట్లో నిలబడ్డాను. అత్త పైనుంచి కిందికి చూసింది.

"బాగుండాదప్పా. ఇంక వానే నిన్ను చూసి లోపలికి పోతాది."

"వెటకారమా అత్తా?"

"కాదు. ఇన్ని తొడుక్కున్నావే, ఇంకా వాకిట్లోనే ఉండావు, ఏమిటికి?"

హిందూపురమంతా నన్ను మాటకారి అనేది. ఈ తోటలో నా మాట ఒక్కటీ పారేది కాదు.

ఆ తరువాతి కార్తీకంలో ఆమెకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరం కాదని ధర్మవరం ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రాధ తోడు వెళ్లింది. ఇక్కడ నేను, షెడ్డు నిండా చివరి దశలో ఉన్న పురుగులు, పైన పట్టువదలని ముసురు. ఆ దశలో పురుగు తిన్న ఆకే రేపు పట్టవుతుంది. కడుపు మాడితే గూడు కట్టదు, కట్టినా ఉల్లిపొరలా కడుతుంది. వేసవి పంట వడగాడ్పుకు పోయింది. ఇది కూడా పోతే తోట పీకేసి భూమిని కౌలుకిచ్చుకోవలసిందే. ఆ మాట అత్త పైకి అనలేదు, ఆసుపత్రికి పోయే ముందు షెడ్డు తలుపు పట్టుకుని కొంచెం ఎక్కువసేపు నిలబడింది, అంతే.

పొద్దుటి మేత అయిపోయింది. ఆకు లేదు. పురుగులు తలలెత్తి వెతుకుతున్నాయి. తినే చప్పుడు ఆగిపోయింది, వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. ఇప్పుడు లేస్తాను, ఈ జల్లు తగ్గాక లేస్తాను అనుకుంటూనే ఉన్నాను. కాళ్లకు ఏ జబ్బూ లేదు. మనసే గడప దగ్గర మొండికేసిన ఎద్దులా కూలబడింది. అప్పుడు అత్త ఫోను.

"ఏమి చేస్తాండావప్పా?"

"వాన ఆగలేదత్తా. తడి ఆకు పెడితే పురుగులకు రోగమొస్తాదని నువ్వే అన్నావు కదా. తెరపిచ్చినాక కోస్తా."

"అది సరే. ఇప్పుడేమి చేస్తాండావు?"

"వానను తిడతాండా."

"యాడ నిలబడి?"

మంచం మీదనుంచి కిటికీ వైపు చూశాను. ఆమె ఫోను పెట్టేయలేదు. అవతల ఆమె దగ్గు వినిపిస్తోంది, ఆయాసం వినిపిస్తోంది. జ్వరంతో పడుకున్న మనిషి నా కోసం అలా కాచుకుని ఉంటే ఎంతసేపని కూర్చుంటాను? తిట్టుకుంటూ లేచాను. తలుపు తీశాను. ఫోను చెవిదగ్గరే పెట్టుకుని వానలోకి నడిచాను.

"వినపడతాందా అత్తా?"

"ఇప్పుడు వినపడతాండాది," అని ఫోను పెట్టేసింది.

ఆ రోజు కోసిన కొమ్మలను చీర దులిపినట్టు దులిపాను. బట్టల కొట్టు విద్య నాకు పనికొచ్చింది అప్పుడే. వసారాలో తాళ్లు కట్టి వేలాడదీశాను, ఇంట్లో ఫ్యాను కింద పరిచాను, మంచం మీద కూడా పరిచాను. ఆకు మంచం మీద, అల్లుడు నేల మీద. ఆరిన కొమ్మను ఆరినట్టు షెడ్డుకు మోశాను. చప్పుడు మళ్లీ మొదలైంది. ముసురు ఉన్నన్ని రోజులూ అదే పని. ఒక్కసారి కూడా ఇష్టంగా పోలేదు.

అత్త సగం మనిషై తిరిగివచ్చింది. వస్తూనే షెడ్డులోకి పోయి, గూడొకటి తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. మెచ్చుకుంటుందని పక్కనే నిలబడ్డాను. మెచ్చుకోలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఇన్నేండ్లలో నీకు ఒక్కనాడన్నా పోబుద్ధి కాకుండా ఉన్నిందా అత్తా?"

"ఒక్కనాడన్నా పోబుద్ధి అయిందా అని అడుగు," అంది. "మీ మామ పోయిన ఏడు వాకిలి తీయల్లంటే ఏడుపొచ్చేది. లోపల ఏడిస్తే రాధ చూస్తాది. అందుకే బయటికి పోయి వానను తిట్టేదాన్ని."

"మరి మనసు ఎప్పుడు కుదిరింది?"

"కుదరలేదు. దానికోసరం కాచుకోని కూచుంటే పురుగులు చస్తాయి. నువ్వు పో. దానికి ఇష్టముంటే ఎనకాల వస్తాది."

"ఈ ముక్క తొలి ఎండాకాలమే చెప్పింటే ఏమయ్యేది?"

"వసారాలో కూచోని వింటాంటివి," అంది.

రెండేళ్ల కిందటి వైశాఖంలో, నిద్రలోనే పోయింది. అప్పుడు కూడా షెడ్డులో పురుగులున్నాయి. వాటికి చావు తెలియదు, ఆకలి తెలుసు. చుట్టాలింకా ఇంట్లోనే ఉన్నారు, ఎవరో నా చేయి పట్టుకుని, ఈ ఒక్క పూటకు ఉండప్పా, ఎండ నిప్పులు చెరుగుతాండాది అన్నారు. నాకూ ఉండిపోవాలనే ఉంది. కొడవలి తీసుకుని నడిచాను. కోస్తూ కోస్తూ, మనసు వెనకాల వస్తుందేమోనని రెండు మూడుసార్లు తిరిగి చూశాను. రాలేదు. ఆ పంట పూర్తయి గూళ్లు దించేదాకా రానే లేదు. ఆకు మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు.