దస్తగిర్‌కు నేను చెప్పిన టర్బో

దస్తగిర్ గురించి మంచిగా చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. వాడికి పానా పట్టుకోవడం నేర్పింది నేను. ప్రొద్దుటూరులో లారీలు బాగుచేసే షెడ్డులో నా కింద నాలుగేళ్లు పనిచేశాడు. 1976లో మస్కట్‌లోని హమ్రియాకు, మా అర్బాబు గ్యారేజీకి పిలిపించిందీ నేనే. యజమానిని అక్కడ అర్బాబు అంటారు. వాడొచ్చి ఏడాది తిరక్కుండానే బండ్లు తెచ్చేవాళ్లు నా కోసం ‘యాకూబ్ ఎక్కడ’ అనడం మానేసి ‘దస్తగిర్ ఎక్కడ’ అని అడగసాగారు. ఆ పేరు వినబడితే చాలు, నాకు కడుపులో మంట.

అర్బాబుకు ఎనిమిది సిలిండర్ల అమెరికా కారు ఒకటుండేది. ఎర్ర రంగు, పొడవాటి బానెట్, తొమ్మిదేళ్ల పాతది. దాన్ని కొడుకుల చేతికి కూడా ఇచ్చేవాడు కాదు. 1978లో ఆయన బావమరిది కొత్త కారు కొని, ఊళ్లోనే రువీ నుంచి మత్రా వెళ్లే ఎత్తు రోడ్డులో అర్బాబు కారును దాటేశాడు. ఆ పూట అర్బాబుకు అన్నం సయించలేదు. మర్నాడే పాత సామాన్ల యార్డు నుంచి రెండు టర్బోలు తెప్పించాడు. ఒకటి బుల్డోజర్‌ది, గుమ్మడికాయంత ఉంది. రెండోది చిన్న లారీది. రెంటిలో సరిపోయేది చూసి కారుకు పెట్టమని దస్తగిర్‌కు అప్పగించాడు. బాగా కుదిరితే షెడ్డు వెనక గది ఇస్తానని, భార్యను పిలిపించుకోవడానికి కాగితాలు కూడా రాసిస్తానని మాటిచ్చాడు.

ఉన్నది ఆ ఒక్క గదే. దాని కోసం రెండేళ్లుగా నేను అడుగుతున్నాను. గది సంగతి ఏమైందని నా భార్య సాజిదా ప్రతి ఉత్తరంలోనూ రాసేది.

టర్బో ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఇంజిన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాంతో పాటు తిరిగే ఇంకో చక్రం ఇంజిన్‌లోకి గాలిని తోస్తుంది. గాలి పెరిగితే బలం పెరుగుతుంది. పెద్ద చక్రం తిరగాలంటే పొగ జోరుగా రావాలి, ఇంజిన్ గట్టిగా అరవాలి. ఊళ్లో తిరిగే కారు అంత అరవదు కనుక చిన్నదే సరైనది. గ్యారేజీకి రాకముందు నేను మస్కట్‌లోనే రోడ్లు వేసే సైట్‌లో యంత్రాలకు టర్బోలు విప్పి బిగించినవాణ్ణి, చూడగానే తెలిసిపోయింది. దస్తగిర్ టర్బో పట్టుకోవడం అదే మొదటిసారి.

“అన్నా, యాది పెడితే బాగుంటాది?” అని నన్నే అడిగాడు.

“పెద్ద ఇంజినుకు పెద్దదే పెట్టల్లప్పా” అన్నాను, తుడిచిన పానానే మళ్లీ తుడుస్తూ.

వాడు నమ్మాడు. వారం పాటు కష్టపడి బిగించాడు. అర్బాబు దాన్ని తోలుకెళ్లాడు. కదలాల్సిన చోట కారు మూలిగింది. తొక్కగా తొక్కగా ఒక్కసారిగా బలం వచ్చిపడి, మలుపులో వెనక చక్రాలు జారి, తలుపు గోడకు రాసుకుంది. అర్బాబు తిరిగొచ్చి కేకలు వేస్తుంటే, వీడిప్పుడు నా పేరు చెబుతాడని నేను ఒక బండి కిందికి దూరాను. దస్తగిర్ మాత్రం తప్పు తనదేనని ఒప్పుకుని పది రోజులు గడువడిగాడు.

తర్వాత వాడు చేసిన పనికి మొదట నవ్వుకున్నాను. పెద్ద టర్బో విప్పేసి, మూడు రోజులు అర్బాబు పక్కన కూర్చుని ఊరికే తిరిగాడు. సూక్ బజారుకు, బ్యాంకుకు, మసీదుకు, ఆయన ఎక్కడికి వెళితే అక్కడికి. ఇంజిన్ వేగం చూపే ముల్లు ఎక్కడ నిలుస్తోందో సిగరెట్ పెట్టె అట్ట మీద గీతలు పెట్టుకున్నాడు. మూడు రోజుల్లో ముల్లు మూడు వేలు దాటింది రెండే సార్లు. నాలుగో రోజు ఎవరినీ అడక్కుండా చిన్న టర్బో చేతిలోకి తీసుకున్నాడు. నాకు అనుభవం మీద తెలిసిన సంగతిని వాడు అట్టముక్కతో పట్టేశాడు. ఆ పద్ధతి నాకెందుకు తట్టలేదని ఇంకా మండిపోయాను.

ఈసారి కారు కుదిరింది. ఎత్తు మీద బావమరిది వెనకబడ్డాడు. గది దస్తగిర్‌కు వచ్చింది.

మూడు నెలలకు వాడి భార్య సఫియా సీబ్ విమానాశ్రయంలో దిగే రోజు వచ్చింది. వాడికి లైసెన్సు లేదని అర్బాబు ఆ కారే ఇచ్చి నన్ను తోలమన్నాడు. పోయేటప్పుడు కారులో మేమిద్దరమే. కాలు అలా ఆనిస్తే చాలు, నిండుగా సాగిపోతోంది. ఇంత పని నా చేతి మీదుగా జరగలేదే అని ఏడుపొచ్చింది. ఉండబట్టలేక అడిగేశాను, ఆ రోజు అర్బాబుకు నా పేరెందుకు చెప్పలేదని.

వాడు రోడ్డు వైపే చూస్తూ అన్నాడు: “బండి లాగనప్పుడే తెలిసిపోయినాదన్నా. నీ అంతటోనికి ఇది తెలీకుండా ఉంటాదా? చెప్పింటే ఆయప్ప నిన్ను ఇంటికి పంపించేసి ఉండేటోడు. సాజిదక్కకు ఏమని చెప్పుకుంటావు?”

తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. సిగ్గేసింది నిజమే, కానీ సిగ్గు కంటే ముందు కుళ్లే వచ్చింది. పేరు వాడిదైంది, గది వాడిదైంది. కనీసం మంచివాణ్ణని అనిపించుకోవడమైనా నాకు మిగలకూడదా? అదీ వాడే పట్టుకుపోయాడు.