పడవరేవు చేను

నా చిన్నప్పుడు మా ఊరి చేలకు కాగితాల మీద సర్వే నంబర్లుండేవి గానీ, మా నోళ్లలో మాత్రం పేర్లే ఉండేవి. మా మిరపచేను పేరు పడవరేవు. చుట్టూ కనుచూపు మేర నల్లరేగడి, పత్తి, మిరప. దగ్గర్లో ఏరన్నదే లేదు. ఆ పేరెందుకొచ్చిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒక ఏడు వానలు లేవు. నాన్న ఊరికి ఎగువన తవ్వించిన బావిలో నీళ్లు పడక రాయి పడింది. ఇంకో బావి తవ్వించకపోతే వచ్చే ఏడు మిరపతోట వేసే దారి లేదు.

ఆ రోజుల్లోనే చీరాల నుంచి ఒక మాస్టారు బస్సు దిగి వచ్చారు. రిటైరయ్యాక ఊరూరూ తిరిగి, ఊళ్ల పేర్లు, చేల పేర్లు, వాటి వెనక కథలు రాసుకోవడమే ఆయన పని. భూములు కొలిచే ఆఫీసరేమోనని నాన్న మొదట కంగారుపడ్డాడు. సంగతి తెలిశాక నవ్వేశాడు.

"పేర్లు రాసుకుంటే ఏమొస్తదండీ? నీళ్లొస్తాయా?"

మాస్టారు నొచ్చుకోలేదు. కల్లంలో ఎండుమిరప రాశి నుంచి తాలుకాయలు ఏరుతున్న మా నాయనమ్మ దగ్గరకెళ్లి, ఆ ఘాటుకు దగ్గుతూనే నేల మీద కూర్చున్నారు. నాయనమ్మకు చదువు రాదు. ఆమె మా బడికొస్తే నేను సిగ్గుతో పక్కకు తప్పుకునేదాన్ని. ఆమె కాయలు ఏరుతూనే పడమటి నుంచి తూర్పుకు చెప్పుకుంటూ పోయింది. మొసలిమడుగు, తామరగుంట, ఇసకమేర, పడవరేవు, నత్తలపాయ.

"మా అత్త ఇట్టాగే అనేది బాబూ. ఎందుకో నాకు తెలవదు."

ఆయన ఊరి పటం పరిచి, ఒక్కో చేను దగ్గర పెన్సిల్‌తో చుక్క పెట్టారు. తర్వాత ఆ చుక్కల్ని కలిపారు. నేను వంగి చూశాను. ఆ కాగితం మీద వంకర్లు తిరుగుతూ ఒక ఏరు పారుతోంది.

"ఎప్పుడో ఇక్కడ ఏరుండేదేమోనమ్మా. అది పోయినా పేర్లు మిగిలాయి," అన్నారాయన నెమ్మదిగా. వెనకాలే వచ్చిన నాన్న నవ్వు ఆపి, ఆ గీత మీద మా చేను ఎక్కడుందో వేలు పెట్టి చూశాడు.

వెళ్లే ముందు ఆయన నోటుబుక్కులో చెప్పినవాళ్ల పేరు రాసుకోవడానికి నాయనమ్మ పేరు అడిగారు.

"నా పేరెందుకు బాబూ? ఫలానా ఆయన తల్లని రాసుకో."

"ఇదంతా చెప్పింది మీరు కదమ్మా. మీ పేరే ఉండాలి."

నాయనమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కాసేపటికి, పరాయి మనిషి పేరు చెప్పినట్టు, మెల్లగా తన పేరు చెప్పింది. అప్పటికి నాకు పదేళ్లు. ఆమె పేరు వినడం అదే మొదటిసారి.

ఆ వేసవిలో నాన్న పడవరేవు చేలో, ఆ గీత మీదే బావి తవ్వించాడు. మూడు నిలువుల లోతున తెల్లటి ఇసుక, అందులో నత్తగుల్లలు. మర్నాటికి నీళ్లూరాయి. నాన్న గుప్పెడు గుల్లలు తెచ్చి నాయనమ్మ ఒళ్లో పోశాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నాకు తెలియని సంగతి ఎవరు చెప్పినా, కూలికొచ్చిన ముసలమ్మయినా సరే, వాళ్ల పేరు అడుగుతాను. చెప్పే ముందు చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. వాళ్లు చెప్పేదాకా నేను కదలకుండా కూర్చుంటాను.