నిలబడే డ్యూటీ

నా బస్సులో సీట్లకు కరువు లేదు. అయినా మనవాళ్ళు సీటు పట్టుకోవడానికి దస్తీ, అదే చేతిరుమాలు, వేస్తారు. పొద్దున కూలీల క్యాంపు గేటు దగ్గర బస్సు ఆపానో లేదో, కిటికీల్లోంచి దస్తీలు, టోపీలు, ఒక్కోసారి టిఫిన్ డబ్బాలు కూడా లోపల పడతాయి. మెట్‌పల్లి బస్టాండులో నేర్చిన విద్య ఖతర్ వచ్చినా పోలేదు. సగం బస్సు ఖాళీగానే పోతుంది, మీ సీట్లను ఎవడెత్తుకుపోతాడురా అని ఎన్ని తిట్లు తిట్టినా చెవిన పెట్టరు. నేపాలీలు, ఫిలిప్పీనోలు ఆ దస్తీని పక్కకు నెట్టి హాయిగా కూర్చుంటారు. మనవాడు మాత్రం, ఎప్పుడైనా బస్సు నిండినా సరే, రాడ్డు పట్టుకొని నిలబడి వస్తాడే గానీ దస్తీ వేసిన సీటు ముట్టడు. దస్తీ ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క.

రహమతుల్లా సంగతి చెప్పాలంటే ముందు ఈ దస్తీ సంగతి చెప్పక తప్పదు. లేకపోతే అతను చేసింది మీకు ఉత్త నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. ఆ మాట అన్నవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, అందులో మీరు కూడా ఎందుకు?

నా పేరు గంగన్న, ఊరు మెట్‌పల్లి. అతనిది కోరుట్ల. పక్కపక్క ఊళ్ళే అయినా అక్కడ ఎప్పుడూ ఎదురుపడనివాళ్ళం, ఇక్కడ ఒకే గదిలో పై మంచం, కింది మంచం అయ్యాం. మొదట్లో అతనూ అందరిలాగే పార పట్టాడు. తర్వాత నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నాలుగు అరబ్బీ ముక్కలు వచ్చాయని కంపెనీ అతన్ని నిలబెట్టింది. నిలబెట్టిందంటే నిజంగానే నిలబెట్టింది. అతని డ్యూటీయే నిలబడటం.

మెసైమీర్ దగ్గర రైలు దారి పక్కన రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఆ రోడ్డు అంచు కింద మురుగు పైపులు, నీళ్ళ పైపులు, కరెంటు కేబుళ్ళు, ఫోను తీగలు వరసగా పోతాయి. ఒక్కో కంపెనీకి ఒక్కో పట్టీ. ఒకరి పట్టీ పక్కన ఇంకొకరు తవ్వాలంటే, ఆ పట్టీ కంపెనీ మనిషి వచ్చి గుంత పక్కన నిలబడి చూడాలి. అతను నిలబడితేనే తవ్వకం. కదిలితే తవ్వకం ఆగాలి. రహమతుల్లా కరెంటు వాళ్ళ తరఫు మనిషి. పొద్దున నా బస్సు దిగి గుంత పక్కన నిలబడితే, మళ్ళీ నా బస్సు వచ్చేదాకా అంతే.

ఈ కంపెనీలన్నింటినీ ఒక తాటి మీదకు తెచ్చే ఇంజనీరు కృష్ణప్రసాద్ గారు, గుడివాడ వైపు ఆయన. ఎవరు ముందు తవ్వాలి, ఎవరు తర్వాత, రైలు వాళ్ళు ఎప్పుడు ఒప్పుకుంటారు, అందరివీ అయ్యాక తారు ఎప్పుడు వెయ్యాలి, అన్నీ ఆయన చూడాలి. తారు పడ్డాక మళ్ళీ ముట్టనివ్వరు కాబట్టి అందరికీ తొందరే. వారం వారం సైటు పక్కనున్న రేకుల డబ్బా ఆఫీసులో అందరూ కూర్చొని అరుచుకుంటారు. ఆయన పెళ్ళిలో వియ్యాలవారి మధ్య తిరిగే పెద్దమనిషిలా అటూ ఇటూ తిరిగి, చివరకు అందరి చేతా తిట్లు తిని బయటికొస్తాడు. చెడ్డవాడు కాదు. ఆయన చేతిలో ఏమీ లేదు, అంతే.

రహమతుల్లా భార్య మెహర్ సుల్తానా ఇంటి దగ్గర బట్టలు కుట్టేది. గట్టి మనిషి, మాటకు మాట చెప్పేది. "దుబాయ్‌ల మీ ఆయన ఏం పనిజేస్తడు" అని ఎవరైనా అడిగితే "నిలవడ్తడు" అని చెప్పి తనే ముందు నవ్వేదట. గల్ఫులో ఏ దేశమైనా మా వైపు దుబాయే. ఆ మనిషికి గుండెలో కవాటం చెడిపోయింది. మెట్టు ఎక్కితే ఆయాసం, మిషను తొక్కితే ఆయాసం. హైదరాబాదులో ఆపరేషన్ చేయాలన్నారు. ఆమె సరేనంది గానీ ఒక్క షరతు పెట్టింది. అతను వచ్చి ఆపరేషన్ గది బయట ఉండాలి. అప్పటిదాకా లోపలికి పోయేది లేదు.

ఆ మాట నాతో కూడా చెప్పింది. ఒక సాయంత్రం రహమతుల్లా ఫోను నా చేతికిచ్చాడు. ఆమె ఊపిరి నాకు మాటలకంటే ముందు వినబడింది.

"అన్నా, ఆయనకు జెర నువ్వన్న చెప్పు. ఊరోళ్ళ గుంతల కాడ ఇన్నేండ్లు నిలవడ్డడు. నా తలుపు కాడ ఒక్క పూట నిలవడమను. నాకింకేం వద్దు."

నేనేం చెప్తాను? పంపిస్తానమ్మా, నా బస్సులోనే ఎయిర్‌పోర్టుకు దింపి వస్తా అన్నాను.

సెలవు అడిగితే కంపెనీ కాదనలేదు. బదులు మనిషి దొరికితే పొమ్మంది. అక్కడే చిక్కు. నిలబడే మనిషికి కరెంటు వాళ్ళ పాసు ఉండాలి, పాసు ఉన్న ప్రతివాడూ ఏదో ఒక గుంత దగ్గర నిలబడే ఉన్నాడు. ఎవడైనా వచ్చి నిలబడితే తప్ప ఇతను కదలకూడదు. నాకు ఒళ్ళు మండిపోయేది. మనిషికి కాళ్ళున్నది నిలబడటానికేనా అని ఫోర్‌మన్‌తో గొడవపడ్డాను కూడా. చివరకు కృష్ణప్రసాద్ గారే వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి అల్ షహానియా వైపు పని నుంచి ఒకతన్ని ఇప్పించాడు. టికెట్ వచ్చింది. రహమతుల్లా ఆమె కోసం ఒక మెత్తటి శాలువా కొన్నాడు. ఆపరేషన్ గదిలో చలి ఎక్కువంటారు కదా అన్నాడు.

ఇప్పుడు జాకెట్ సంగతి చెప్పాలి. ఎవరు ఎంత నిలబడ్డా మనిషి మనిషే. నమాజుకు పోవాలి, దొడ్డికి పోవాలి, ఓ ముద్ద తినాలి. ప్రతిసారీ తవ్వకం ఆపితే ఫోర్‌మన్ నెత్తి బాదుకుంటాడు. అందుకని మనవాళ్ళు ఓ ఉపాయం కనిపెట్టారు. పక్కకు పోయేవాడు తన పచ్చ సేఫ్టీ జాకెట్ విప్పి గుంత ముందున్న బారికేడ్ మీద వేసి పోతాడు. జాకెట్ ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క. పని నడుస్తుంది. నీళ్ళ వాళ్ళ మనిషీ అంతే, ఫోను వాళ్ళ మనిషీ అంతే. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఏదో ఒక బస్టాండులో దస్తీ వేసిన చెయ్యే అయి ఉంటుంది. ఫోర్‌మన్‌కూ తెలుసు. చూసీ చూడనట్టు ఉండేవాడు, ఎందుకంటే పని ఆగడం లేదు.

ప్రయాణం ఇంకా కొద్ది రోజులుందనగా, పొద్దున పని మొదలైన కాసేపటికి రహమతుల్లాకు ఫోను వచ్చింది. మెహర్ సుల్తానా తమ్ముడు ఇర్ఫాన్ ఆసుపత్రి నుంచి చేశాడు. డాక్టరు నీతో మాట్లాడతాడట, ఆపరేషన్‌లో ఏమేం ప్రమాదాలున్నాయో భర్తకు చెప్పాలట అన్నాడు. పక్కన రాయి పగలగొట్టే మిషను మోతలో ఒక్క ముక్క వినబడటం లేదు. రహమతుల్లా జాకెట్ విప్పి బారికేడ్ మీద వేసి, లారీల చాటుకు పోయాడు.

రోడ్డు వాళ్ళ తవ్వే మిషను నడిపేది నర్సింగ్, నిర్మల్ పిల్లగాడు. బకెట్ దించే ముందు గుంత వైపు చూశాడు. జాకెట్ కనబడింది. ఫిలిప్పీనో ఆపరేటరయితే మనిషి ముఖం కనబడేదాకా బకెట్ దించేవాడు కాదు. మనవాడు కాబట్టి దించాడు.

పెద్ద చప్పుడు, తెల్లటి మెరుపు. దేవుడి దయ, నర్సింగ్‌కు ఏమీ కాలేదు. కరెంటు కేబుల్ మాత్రం తెగింది. కూడలిలో సిగ్నళ్ళు ఆగాయి. ఆ వేడిలో ఎన్నో ఇళ్ళల్లో ఏసీలు ఆగాయి. రహమతుల్లా ఫోను చెవికి పెట్టుకొనే పరుగెత్తుకొచ్చాడు. అవతల డాక్టరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడట.

విచారణలో అడిగింది ఒక్కటే. నువ్వెక్కడున్నావు? జాకెట్ ఉంది సార్, అందుకే దించాను అని నర్సింగ్ ఏడ్చుకుంటూ చెప్పాడు. జాకెట్ ఉంటే ఏమిటట అని వాళ్ళకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వాళ్ళ తప్పు కాదు, వాళ్ళెవరూ మెట్‌పల్లి బస్సు ఎక్కలేదు. ఫోర్‌మన్ ఆ అలవాటు తనకు తెలియనే తెలియదని చేతులు దులుపుకున్నాడు. రహమతుల్లా మీద పోలీసు కంప్లైంటు పడింది.

కృష్ణప్రసాద్ గారు అతన్ని డబ్బా ఆఫీసుకు పిలిచి కూర్చోబెట్టాడు. నేనూ వెంట ఉన్నాను. ఆయన టీ తెప్పించాడు, ఎవరమూ తాగలేదు.

"కంప్లైంటు తీసేసేదాకా దేశం దాటనివ్వరండీ, రహమతుల్లా గారూ. కరెంటు వాళ్ళు రోడ్డు వాళ్ళ తప్పంటున్నారు. రోడ్డు వాళ్ళు కరెంటు వాళ్ళదంటున్నారు. రైలు వాళ్ళు మాకెందుకు అంటున్నారు. అందరూ ఒక మాట మీదకొస్తేనే కేసు పోతుంది. నేను అడుగుతూనే ఉన్నానండీ."

రహమతుల్లా ఒక్కటే అడిగాడు, బదులొచ్చిన మనిషి ఉన్నాడు కదా, నేను పోయి వచ్చి శిక్ష ఏదుంటే అది అనుభవిస్తాను అని. అది నా చేతిలో లేదండీ అన్నాడాయన. ఇంకా ఘోరం ఏమిటంటే, ప్రయాణం ఎలాగూ లేదు కాబట్టి ఆ బదులు మనిషిని అల్ షహానియాకు తిప్పి పంపేశారు. గుంత దగ్గర నిలబడటానికి ఎవరూ లేరు. ఎవరిని నిలబెట్టారనుకున్నారు? రహమతుల్లానే. కేసు ఒకవైపు, అదే గుంత ముందు డ్యూటీ ఒకవైపు. ఇంత సిగ్గులేనితనం నేనెక్కడా చూడలేదు. కానీ బస్సు డ్రైవర్‌కు కోపమొస్తే ఎవరికేం నష్టం?

అక్కడ ఆసుపత్రిలో ఇక ఆగడానికి లేదన్నారు. మెహర్ సుల్తానా మొండికేసింది. అతను వచ్చేదాకా ఉంటానంది. ఉండలేవమ్మా అన్నారు డాక్టర్లు. రహమతుల్లానే ఫోనులో బతిమాలాడు, లోపలికి పో, నేను వచ్చినట్టే అనుకో అని. ఆమె ఏమందో అతను నాకు చెప్పలేదు. కింది మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆపరేషన్ రోజు నేను మనుషులను దింపి, బస్సు పక్కన పెట్టి అతని దగ్గరే ఉన్నాను. నర్సింగ్ మిషను తవ్వుతోంది. రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఫోను మోగితే రహమతుల్లా గుంత మీద నుంచి చూపు తిప్పకుండా నా చేతికిచ్చి ఏముందో చూడమన్నాడు. ఇర్ఫాన్ ఫొటో పంపాడు. ఆపరేషన్ గది తలుపు, పక్కన ఒక కుర్చీ. కుర్చీ మీద రహమతుల్లా పాత నీలం చొక్కా, చక్కగా ఇస్త్రీ చేసి పరిచి ఉంది. అక్క లోపలికి పోయే ముందు తన సంచిలోంచి తీసి అక్కడ వేయించిందనీ, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వొద్దని చెప్పి పోయిందనీ ఇర్ఫాన్ రాశాడు.

ఫొటో అతనికి చూపించక తప్పలేదు. కేబుల్ తెగిన తర్వాత మొదటిసారి అతని ముఖంలో నవ్వు లాంటిది చూశాను.

"నా జాగ పట్టివెట్టిందన్నా" అన్నాడు.

నాకు మాత్రం కేబుల్ తెగిన రోజు గుర్తొచ్చింది. ఆ బారికేడ్ మీద కూడా జాకెట్ ఉంది కదా. అది కాపాడిందేమిటి? ఛీ, ఇదేం పాడు ఆలోచన అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మధ్యాహ్నం ఇర్ఫాన్ మళ్ళీ చేశాడు. ఈసారి రహమతుల్లానే ఎత్తాడు. రెండు మాటలు విన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. కదల్లేదు. జాకెట్ విప్పలేదు, కూర్చోలేదు, గుంత వైపే చూస్తూ నిలబడ్డాడు. అతని ముఖం చూసి నర్సింగ్ ఇంజను ఆపేశాడు. ఫోర్‌మన్ యల్లా, యల్లా, కానివ్వు తొందరగా అని అరిచాడు. నర్సింగ్ తాళం చెవి తీసి పిడికిట్లో పెట్టుకొని కేబిన్‌లో తల వంచుకున్నాడు. ఆపరేషన్‌లో ఆమె గుండె మళ్ళీ కొట్టుకోలేదట. తలుపు తెరిచిన డాక్టరు ఆమె భర్త ఎవరని అడిగితే, ఇర్ఫాన్ ఆ చొక్కా చేతిలోకి తీసుకొని నిలబడ్డాడట.

మర్నాడు కోరుట్లలో ఆమెను మట్టి చేశారు. రహమతుల్లా నా బస్సులో వెనక సీట్లో కూర్చొని ఫోనులో చూశాడు. నేను తలుపు మూసి బయట కాపలా ఉన్నాను.

కొన్నాళ్ళకు కంప్లైంటు పోయింది. తారు వేసే రోజు దగ్గరపడింది, కేసు తేలకపోతే రోడ్డు ఆగిపోతుందట. ఇంతకాలం ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, ఒక్క మీటింగులో, టీ తాగినంత సేపట్లో రాజీ పడిపోయారు. కృష్ణప్రసాద్ గారు ఆ మాట చెప్పడానికి తనే గుంత దగ్గరకు నడిచి వచ్చాడు. సెలవు ఉంది, టికెట్ ఉంది, ఈసారి బదులు మనిషి కూడా ఉన్నాడు, రేపే వెళ్ళొచ్చండీ అన్నాడు.

రహమతుల్లా వద్దన్నాడు.

తారు పనికి కొత్తవాళ్ళు రావడంతో ఆ సాయంత్రం బస్సు నిండా మనుషులు, మధ్యలో ఒక్క సీటు ఖాళీ, దాని మీద ఎవరిదో దస్తీ. రహమతుల్లా నా వెనక రాడ్డు పట్టుకొని నిలబడి ఉన్నాడు. పోయి కూర్చో, ఆ దస్తీ తీసి పారెయ్ అన్నాను. తలూపాడు గానీ కదల్లేదు. ఊరికి ఎందుకు పోనంటున్నావు, పోయి ఆమె మట్టి అయినా చూసి రారాదా అని గట్టిగానే అడిగాను. అద్దంలో నా వైపు చూశాడు.

"పోయి ఏడ నిలవడాలె అన్నా? నేను నిలవడే తలుపు మూసిన్రు గద."