మంచి బ్యాక్టీరియా మీటింగు

మా ఆడపడుచు భర్తను నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

మా ఆయన బెంగళూరు పక్కన హొసకోటెలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. షిఫ్టులో నిద్ర రాకుండా గుట్కా నమిలేవాడు. రెండేళ్ల క్రితం బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనబడితే కె.ఆర్.పురంలో పళ్ల డాక్టరుకు చూపించాము. ఆవిడ గుట్కా మానమంది, వెంటనే ముక్క తీసి పరీక్ష చేయించమని రాసిచ్చింది.

ఆ ఆదివారమే ఆడపడుచు భర్త ప్రోబయోటిక్ మాత్రల డబ్బాతో వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే వాటిని అమ్మేవాడు.

"నోట్లో చెడ్డ బ్యాక్టీరియా చేరుండాదప్పా, అంతే. దీంట్లో మంచిది ఉండాది. అది చెడ్డదాన్ని తినేస్తాది. కత్తి పెట్టిస్తే రోగం ఒళ్లంతా పాకతాది," అన్నాడు మా ఆయనతో.

కత్తంటే మా ఆయనకు భయం. అతను చదువుకున్న మనిషని నాకు నమ్మకం. నాలుగు నెలలు రోజూ నా చేత్తోనే ఆ మాత్రలు ఇచ్చాను. మచ్చ పుండైంది, పుండు గడ్డైంది. చివరికి ఎడమ దవడ సగం తీసేశారు.

రేడియేషన్ రోజుల్లో ఆ మాత్రల సంగతి ఆస్పత్రి డాక్టరును అడిగాను.

"రేడియేషన్‌తో వచ్చే నోటి పుండ్లకు కొంత పనికొస్తాయేమోనని చూస్తున్నారమ్మా. అదైనా మమ్మల్ని అడిగే వాడాలి. క్యాన్సర్ రాకుండా ఆపుతాయని ఇంకా తేలలేదు. వచ్చినదాన్ని మాత్రం అవి కరిగించవు. మీకు పోయింది ఆ నాలుగు నెలలు," అన్నాడు.

ఆ తర్వాత కుందలహళ్ళిలో ఉండే నా స్నేహితురాలు ఫోన్ చేసింది. ఆడపడుచు భర్త వాళ్ల అపార్ట్‌మెంట్ హాల్లో మీటింగు పెట్టి, మా ఆయన పాత ఫోటో తెర మీద చూపించి, ఆపరేషన్ లేకుండానే నయమైందని చెప్పాడట. వచ్చే ఆదివారం మళ్లీ పెడుతున్నాడట.

ఆ ఆదివారం మేమిద్దరం వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాము. ఫోటో తెర మీదికి రాగానే నేను లేచాను. మా ఆయన మాస్కు తీశాడు.

"ఆ ఫోటోలో మనిషి ఈయనే," అన్నాను.

అతను గబగబా దగ్గరికొచ్చి, "ఇంటి విషయాలు ఇక్కడెందుకమ్మా," అని గొణిగాడు.

"ఇంటి మనిషి మొహాన్ని ఇక్కడికి తెచ్చింది నువ్వే కదన్నా!"

జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. అతను మాత్రల డబ్బాలు మళ్లీ సంచిలో సర్దుకోవడం చూస్తే నాకు కడుపు నిండినట్టయింది. అంతటితో ఆపలేదు. అతను ఎక్కడ మీటింగు పెట్టినా, ఆపరేషన్ తర్వాత తీసిన ఫోటో పట్టుకుని వెళ్లాను. మూడోసారితో అతను ఆ వ్యాపారమే మానేశాడు.

ఆడపడుచు ఏడుస్తూ ఫోన్ చేసింది. "ఆయన తలెత్తుకోలేకుండా ఉండాడు వదినా. ఇంక వదిలేయ్."

మా ఆయన కూడా, మాట సరిగా పలకని నోటితో, "చాలు," అన్నాడు.

ఆయనకు చాలేమో. రోజూ పొద్దున పలుచటి రాగి గంజిని చెంచాతో ఆయన నోట్లో పోసేది నేను. అరగంట పడుతుంది. ఆ అరగంటా నాకు గుర్తొచ్చేది ఆ మనిషే.