మావయ్య ఒళ్లో మాస్క్

మా మావయ్య పోయారు. మూడు వారాల కిందట ఒక శుక్రవారం పొద్దున్న అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్య కాఫీకి లేవట్లేదే" అంది. మిషిగన్‌లోని నోవై అనే ఊళ్లోనే మా ఇల్లూ, వాళ్లిల్లూ. నేను వెళ్లేసరికి అంబులెన్స్ వాళ్లు నెమ్మదిగా నడుస్తూ బయటికి వస్తున్నారు. వాళ్లు పరుగెత్తడం లేదంటే అర్థమేమిటో డాక్టరు ఇంట్లో మసిలిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏడవడానికి కూర్చున్నానో లేదో ఫోన్ మోగడం మొదలైంది. వాట్సాప్ గ్రూపుల నిండా దండాల బొమ్మలు. మధ్యాహ్నానికల్లా, మావయ్య ఒకప్పుడు డాక్టరుగా పనిచేసిన ఐస్ హాకీ టీమ్ వాళ్లు కూడా తమ పేజీలో ఆయన ఫొటో పెట్టారు. "మా కుటుంబ సభ్యుడు, మరపురాని ఆ సీజన్‌లో మా వెన్నంటి నిలిచిన డాక్టర్" అని కింద రాశారు. అది చదవగానే నా ఏడుపు ఆగిపోయింది, ఒళ్లు మండిపోయింది. కుటుంబ సభ్యుడట! ఆ సీజన్ చివర ఆయన్ని ఎలా సాగనంపారో నేను కళ్లారా చూశాను. పోయినవాళ్ల గురించి తీయగా రాయాలంటారు. నాకు చేతనైనంత తీయగా రాస్తాను, ఆపైన నన్నడక్కండి.

మావయ్య ఎముకల డాక్టరు. గుంటూరులో చదువుకుని, ఇక్కడ డాక్టర్లు కావాలని పిలుస్తున్న రోజుల్లో మిషిగన్ వచ్చారు. హాకీ గురించి ఆయనకి తెలిసింది సున్నా. క్లినిక్‌లో తోటి డాక్టరు ఒకాయన ఊరు మారుతూ, ఈ ఒక్క చలికాలం మా టీమ్‌ని చూసిపెట్టు అంటే సరేనన్నారు. ఆ ఒక్క చలికాలం చాలా ఏళ్లు సాగింది. టీవీలో కనిపించే పెద్ద లీగ్ కాదది, దానికి రెండు మెట్లు కింద. కుర్రాళ్లు జీతానికే ఆడేవాళ్లు గానీ, ఆ జీతం చాలక వేసవిలో ఇళ్లకి పెయింట్లు వేసుకునేవాళ్లు. పైలీగ్ వాళ్లు ఎవరైనా వచ్చి చూస్తారేమో, పిలుస్తారేమో అన్న ఆశతో విరిగిన వేళ్లతో కూడా ఆడేసేవాళ్లు. వాళ్లని వాళ్ల నుంచే కాపాడటం తన ఉద్యోగమని మావయ్య అనేవారు.

నేను ఎం.ఎస్. చేయడానికి వచ్చి వాళ్లింట్లోనే ఉండేదాన్ని. శని, ఆదివారాలు మంచులో కారు డ్రైవ్ చేసుకుంటూ ఆయన రింక్‌కి, అంటే ఐస్ మీద ఆడే స్టేడియానికి, వెళ్తుంటే నేనూ ఎక్కి కూర్చునేదాన్ని. దారిపొడుగునా పాత పాటలు, వాటికి శ్రుతి కలవని ఆయన గొంతు. ఆటగాళ్ల బెంచీ చివర ఒక కుర్చీ ఆయనది. ఎవరైనా ఐస్ మీద పడితే చాలు, కుర్చీలోంచి సగం లేచేవారు. పడ్డవాడు లేచి నిలబడేదాకా ఆ సగం లేచిన భంగిమలోనే ఉండి, వాడు కదిలాక కూర్చునేవారు. మ్యాచ్ అయ్యేసరికి ఆయన తొడలే ఎక్కువ నొప్పి పెట్టేవి.

"దేవుడు మోకాళ్లు రెండిచ్చాడు, తల ఒక్కటే ఇచ్చాడు" అని ప్రతి కొత్త కుర్రాడికీ చెప్పేవారు. ఎవరి తలకైనా దెబ్బ తగిలితే ఇవాళ ఏ వారం, స్కోరెంత అని అందరు డాక్టర్లూ అడిగేవే అడిగి, ఆ తర్వాత తన సొంత పరీక్ష ఒకటి పెట్టేవారు. స్కేట్ లేసు విప్పి మళ్లీ కట్టమనేవారు. జవాబులు వీళ్లు బట్టీ పడతారు, వేళ్లు మాత్రం అబద్ధమాడవు అని నాతో అన్నారొకసారి. ఆ పరీక్షలో తప్పినవాడి హెల్మెట్ తీసేసుకునేవారు. వద్దని మాటతో చెబితే వినే జాతి కాదు, డాక్టరు అటు తిరగగానే గోడ దూకి మళ్లీ ఐస్ మీదికి పోతారు. హెల్మెట్ లేనివాణ్ని రిఫరీ ఎటూ రానివ్వడు.

ఇక ఆ సీజన్. అంతకు ముందు మొదటి రౌండ్ దాటిన పాపాన పోని టీమ్ ఆ ఏడు ఎడాపెడా గెలవడం మొదలుపెట్టింది. గోల్ కాసేవాణ్ని గోలీ అంటారు, ముఖం కూడా కప్పే వాడి హెల్మెట్‌ని మాస్క్ అంటారు. మా గోలీ పొడుగ్గా, సన్నగా, మాట తక్కువగా ఉండే కుర్రాడు. ఒకరోజు మ్యాచ్‌కి ముందు మావయ్య డబ్బాలోంచి సున్నుండ తీసుకుని తిన్నాడు. ఆ రోజు ఒక్క గోల్ కూడా పడలేదు. అంతే, సున్నుండ లేకపోతే మాస్క్ పెట్టుకోనని భీష్మించుకున్నాడు. హాకీ వాళ్ల మూఢనమ్మకాల ముందు మన శకునాలు ఏ మూలకీ చాలవు. ఆ చలికాలమంతా అత్తయ్య మినుములు వేయించి, విసిరి, నెయ్యి కాచి ఉండలు చుడుతూనే ఉంది. చలికి భయపడి ఒక్క మ్యాచ్‌కీ రాలేదు గానీ, ఫోన్‌లో మాత్రం, "మనవాడికి ఎన్ని పడ్డాయి?" అని అడిగేది.

టీమ్ గెలిచేకొద్దీ మన తెలుగువాళ్లకీ హాకీ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పార్టీల్లో మావయ్య చుట్టూ చేరి, "అంకుల్, పాసులేమైనా ఉన్నాయా?" అని అడగడం, మా డాక్టరుగారు బెంచీ మీదే కూర్చుంటారని ఆఫీసుల్లో చెప్పుకోవడం. ఆయన నవ్వి ఇచ్చేవారు.

సెమీఫైనల్ ఆఖరి మ్యాచ్ ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగింది. గెలిస్తే ఫైనల్. ఆఖరిదైన మూడో పీరియడ్ మొదలయ్యేసరికి స్కోరు సమానంగా ఉంది. అవతలి టీమ్ వాడొకడు వేగంగా జారుకుంటూ వచ్చి మా గోలీ మీద పడ్డాడు. గోలీ తల గోల్‌పోస్టుకి కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు గాజు గోడ ఇవతలికి వినపడింది. కాసేపటికి లేచి చెయ్యి ఊపాడు. రింకంతా చప్పట్లు. మావయ్య మాత్రం కూర్చోలేదు. వాణ్ని బెంచీకి పిలిపించారు.

ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబు చెప్పాడు. కుడికాలి లేసు విప్పి చక్కగా ముడివేసి, అయిందన్నాడు. మావయ్య వాడి వేళ్లనే చూస్తున్నారు. వాడు మళ్లీ వంగి, అదే కుడికాలి లేసు విప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడే కట్టిన సంగతి వాడి బుర్రలో లేదు. మావయ్య వాడి చేతిలోంచి మాస్క్ తీసుకుని, వెళ్లి తన కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకున్నారు. రెండు చేతులూ దాని మీద వేశారు.

కోచ్ వచ్చి అడిగాడు. "ఇట్ స్టేస్ విత్ మీ" అన్నారు మావయ్య. టీమ్ ఓనర్ సూటు వేసుకుని మెట్లు దిగివచ్చి, ఇది ఒక్క పీరియడ్ విషయం డాక్టర్ అన్నాడు. ఆయనకీ అదే మాట. గోలీ ఏడ్చాడు, తిట్టాడు కూడా. వాడికీ అదే మాట, కాకపోతే భుజం మీద చెయ్యివేసి చెప్పారు. బదులుగా దిగిన కుర్రాడు పాపం నెలల తరబడి ఆడినవాడు కాదు. రెండు గోల్స్ పడ్డాయి, ఓడిపోయాం.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. బీరు కప్పులు విసిరారు. నీ దేశానికి పో అన్నారు. ఆ ఊరివాళ్ల ఎముకలు అన్నేళ్లు అతికించిన మనిషిని! అరిచినవాళ్లలో ఒకడి మోకాలికి మావయ్యే ఆపరేషన్ చేశారు. వాడు సీటు మీదికెక్కి నిలబడి మరీ గొంతు చించుకున్నాడు. ఇంటికొస్తుంటే కారులో మావయ్య, "చూశావా అమ్మాయ్, మోకాలు ఎంత బాగా మడిచాడో" అన్నారు. కోటు మీది బీరు వాసన కారంతా నిండింది. నాకు ఆయన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది.

రెండో రోజుకే గోలీ వెలుతురు చూడలేక వాంతులు చేసుకున్నాడు. ఒంటరివాడని మావయ్య తెచ్చి మా బేస్‌మెంట్‌లో పడుకోబెట్టారు. కిటికీలకి అత్తయ్య పాత చీరలు కట్టింది. వారాల తరబడి ఆ చీకటిగదికి పప్పన్నం, పెరుగన్నం మోసింది. పెద్దాసుపత్రి వాళ్లు చూసి, ఇంకో దెబ్బ తగిలుంటే బతకడమే కష్టమయ్యేదని చెప్పారు. ఆ సంగతి టీమ్‌కి తెలుసు. ఒక్కరూ బయట నోరు విప్పలేదు. వేసవి మొదట్లో ఫోన్ చేసి, వచ్చే ఏడాదికి వేరే డాక్టరుని చూసుకున్నామని చెప్పారు. సీజన్ గుర్తుగా తీసి రింక్ నడవలో పెట్టిన పెద్ద ఫొటోలో నీళ్లు అందించే మనిషి కూడా ఉన్నాడు, మావయ్య లేరు.

మనవాళ్లు? పాసులు అడిగిన నోళ్లతోనే, "టీమ్ కొంప ముంచారు కదండీ" అని నవ్వారు. ఒకాయన మరీ, "లోకల్స్‌తో మనకెందుకండీ గొడవ, ఇచ్చేస్తే పోయేది" అన్నాడు. తలకాయ గురించి మాట్లాడుతున్నామని ఆయనకి తట్టలేదు.

నువ్వెందుకు మాట్లాడవు మావయ్యా, పేపరు వాళ్లకి చెప్పు అని పోరాను. ఆ కుర్రాడి చేతైనా చెప్పించమన్నాను. "వాడికి వచ్చే ఏడు ఆడుకోవడానికి టీమ్ కావాలే. తలకి దెబ్బతగిలినవాడని చాటింపు వేస్తే ఎవడు తీసుకుంటాడు? నాకు క్లినిక్ ఉంది, నాకేం పోయింది" అన్నారు. నయమయ్యాక మాస్క్ వాడికి తిరిగి ఇచ్చేశారు. వాడు వేరే రాష్ట్రం వెళ్లి ఇంకొన్నేళ్లు ఆడాడు. మావయ్యేమో టికెట్ కొనుక్కుని అదే రింక్‌కి వెళ్లి, అన్నిటికన్నా పైవరుసలో కూర్చునేవారు. నాకు అన్నిటికంటే కడుపుమంట అదే. ఎందుకు వెళ్తావంటే, కొత్త డాక్టరు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నాడు అనేవారు. అంత పైనుంచి కూడా, ఎవరైనా పడితే సగం లేచేవారు.

ఇన్నేళ్ల తర్వాత, ఆయన పోయిన నాలుగో రోజున, టీమ్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఆ సీజన్ ఆటగాళ్లందరినీ పిలిచి సన్మానం చేస్తున్నామని, అప్పుడే డాక్టర్‌గారికి ఒక నిమిషం మౌనం పాటిస్తామని, కుటుంబం రావాలని చెప్పింది. ఒక్క షరతు మీద వస్తామన్నాను. ఆయన మాస్క్ తీసుకోవడం సరైన పనే అని, ఆ అరిచిన చోటే, మైకులో చెప్పాలి. మా అత్తయ్య అది చెవులారా వినాలి. ఆ అమ్మాయి, "వి వాంట్ టు కీప్ ఇట్ పాజిటివ్" అంది. ఒక మనిషి ప్రాణంతో మిగలడం కంటే పాజిటివ్ ఏముంటుందని అడిగాను. పైవాళ్లని కనుక్కుంటానంది, మళ్లీ చేయలేదు.

నేను వద్దనే అన్నాను. అత్తయ్య మాత్రం, "నేను చూస్తానే. ఆయన కూర్చున్న చోటు ఒక్కసారైనా చూడాలి" అంది. షాలు మీద షాలు కప్పి తీసుకెళ్లాను. బెంచీ పక్కనే ముందువరుస సీట్లు ఇచ్చారు.

రెండో పీరియడ్ అయ్యాక ఆ సీజన్ వాళ్లంతా పాత జెర్సీలు వేసుకుని ఐస్ మీదికి వచ్చారు. పొట్టలు, బట్టతలలు. గోలీ కూడా వచ్చాడు, జుట్టు నెరిసింది. మైకులో మావయ్య పేరు తప్పుగా పలికి, ఈ ఆటని ఎంతో ప్రేమించారని, మంచి స్నేహితుడని చదివారు. నిమిషం మౌనం కూడా పూర్తి నిమిషం కాదు. మాస్క్ మాటే లేదు. అత్తయ్య నా వైపు తిరిగి, "అంతేనా?" అంది.

గోలీ వరుసలోంచి బయటికి వచ్చాడు. బెంచీ తలుపు తీసుకుని, స్కేట్ల మీదే తడబడుతూ మా ముందుకు వచ్చి మోకాలు వంచాడు. తెచ్చింది అదే మాస్క్, ఆనాడు గోల్‌పోస్టుకి కొట్టుకున్న చోట పగులు అలాగే ఉంది. అత్తయ్య ఒళ్లో పెట్టాడు. "నాకు ఇద్దరు కూతుళ్లు, వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయంటే ఆయన వల్లే" అన్నాడు. నా కోపం అప్పుడూ ఆగలేదు. అది ఇక్కడ కాదు, మైకులో చెప్పు అన్నాను. అడిగాను, ఇవ్వలేదు అన్నాడు. తిరిగి వెళ్లి వట్టి తలతోనే వరుసలో నిలబడ్డాడు.

ఆఫీసు మనిషి ఒకడు నవ్వుతూ వచ్చి, గ్రూప్ ఫొటోకి మాస్క్ కావాలి, ఒక్క నిమిషం ఇస్తారా అని చెయ్యి చాచాడు. అత్తయ్య ఇంతకాలంలో ఇంగ్లీషులో గట్టిగా ఒక మాట అనగా నేను వినలేదు. రెండు చేతులూ మాస్క్ మీద వేసి, తల కూడా ఎత్తకుండా, "ఇట్ స్టేస్ విత్ మీ" అంది.

ఆయన ఆ మాట అన్నారని ఆవిడకి నేనెప్పుడో చెప్పే ఉంటాను. అతను ఇంకోసారి అడిగాడు, ఆవిడ కదల్లేదు. మాస్క్ లేకుండానే ఫొటో తీసుకున్నారు.

మూడో పీరియడ్ మొదలైంది. పద అత్తయ్యా, వెళ్దామంటే వినిపించుకోలేదు. కాసేపటికి మా ఎదుటే ఒక కుర్రాడు గోడకి గుద్దుకుని ఐస్ మీద పడ్డాడు. అత్తయ్య మాస్క్‌ని గుండెలకి పట్టుకుని సీట్లోంచి సగం లేచింది. వాడు లేచేదాకా కూర్చోలేదు.